యాభై దాటితే వేళ్లు తిరగవా?

హార్మోనియం వాయించే పెద్దాయన పోయినాక మా శనివారం భజనలో ఫోను పాటే మోగుతోంది. మూలన పడ్డ పెట్టె నేనే దులిపి కూర్చున్నా.

ఇన్నాళ్లూ ఒకటి శృతిలో స-గ-ప నుంచి మ-ద-సకు పోవాలంటే చెయ్యంతా ఎత్తి వేసేవాణ్ని. ఇప్పుడు స మీద వేలు తియ్యను. గ వేలు మకు, ప వేలు దకు, ఒక్కో తెల్లమెట్టు జరిపితే చాలు. అవే మూడు స్వరాలు, పాట తెగదు.

ఈ వయసులో ఎందుకంటారా? పత్తిలో కొత్త విత్తనం వచ్చినప్పుడు నేర్చుకోలేదా అన్నా?

1940 నుంచి 30 ఏళ్లు ఆకాశవాణి హార్మోనియాన్ని వెలేసింది. పల్లె భజన మాత్రం వదల్లేదు. రేడియో కాదన్నా బతికిన పెట్టెను మన చేతులతో చంపుదామా? తీతల పని అయినాక పిల్లల్ని గుడికి తోలుకొని రండి. వచ్చినంత నేర్పిస్తా.