పని ముగిసినా పోని ఎక్సెల్

డాట్‌నెట్ ప్రోగ్రాముతో ఎక్సెల్‌ను తెరవెనుక నడిపేవారు ఒకసారి టాస్క్ మేనేజరు తెరచి చూడండి. క్విట్ అని ఆజ్ఞాపించినా అది అక్కడే తిష్ఠవేసి జ్ఞాపకస్థలాన్ని ఆక్రమించి ఉండవచ్చు. కామ్ పద్ధతిలో ప్రతి వస్తువునూ ఎందరు పట్టుకొని ఉన్నారన్న లెక్క నడుస్తుంది. అది సున్నా కానిదే విడుదల లేదు. వర్క్‌బుక్స్.ఓపెన్ అని ఒకే వరుసలో వ్రాస్తే నడిమి వర్క్‌బుక్స్‌కు మనం పేరు పెట్టకపోయినా అదీ లెక్కలో చేరుతుంది. (చెత్త ఏరేవాడు వస్తాడు గానీ, ఎప్పుడన్నది వాడి ఇష్టం!)

రాత్రికి ఎక్సెల్‌లన్నిటినీ టాస్క్‌కిల్‌తో బలవంతంగా చంపేయమనే సలహా నాకు బొత్తిగా సమ్మతం కాదు. గుమాస్తా భద్రపరచకుండా తెరచి ఉంచిన జీతాల పట్టీ కూడా పోతుంది. వస్తువులన్నిటికీ పేర్లు పెట్టి, ఫైనల్లీ భాగంలో క్విట్ పలికి, ఒక్కొక్కటిగా వదలడమే మేలు. మధ్యలో దోషం తలెత్తినా ఆ భాగం నడుస్తుంది కదా.