మోటారు వేసే పెట్టె కాదు, తడి చెప్పే పెట్టె చేసుకుందాం

మట్టిలో తడి చూసే చిన్న పెట్టె నేనే తయారు చేసుకున్నానని పోయిన వీడియోలో చూపించాను కదా. అది చూసి కొందరు, "ప్రకృతి వ్యవసాయం అంటూ ఈ కరెంటు బొమ్మలేంటయ్యా?" అన్నారు. ఇంకొందరేమో, "దాన్ని మోటారుకు కలిపేస్తే పొలానికి పోయే పనే ఉండదు, అది ఎట్లా చేయాలో చెప్పు" అన్నారు. రెండు మాటలకూ జవాబు చెప్తాను. ముందు నాకు జరిగిన నష్టం వినండి.

మాది సూళ్లూరుపేట. పొలంలో ఒక కయ్య పులికాట్ వైపు ఉంటుంది, కాస్త ఉప్పు నేల. రెండేళ్ల కిందట ఎండాకాలంలో అందులో వంగ పెట్టాను. రెండు కాళ్ల తడి సెన్సార్ కొని, చిన్న బోర్డుకు కలిపి, రిలే ద్వారా స్టార్టరుకు లాగాను. నేల ఆరితే మోటారు వేస్తుంది, తడిస్తే ఆపేస్తుంది. బాగుందిలే అనుకుని పెళ్లికని తిరుపతి పోయి నాలుగు రోజులు ఉండిపోయా. తిరిగొచ్చేసరికి చెట్లు వాడిపోయి, పూతంతా రాలి ఉంది. ఫోన్‌లో మాత్రం ఇంకా "తడి ఉంది" అనే చూపిస్తోంది!

తప్పు ఎక్కడుందో తర్వాత తెలిసింది. ఆ సెన్సార్ కొలిచేది నీటిని కాదు. రెండు కాళ్ల మధ్య మట్టిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూస్తుంది, అంతే. ఉప్పు ఉంటే కరెంటు బాగా పారుతుంది కాబట్టి, నేల ఆరుతున్నా తడి ఉన్నట్టే చెప్తుంది. గోమూత్రంలోనూ లవణాలు ఉంటాయి, అందుకని జీవామృతం పోసిన చోట కూడా లెక్క తప్పొచ్చు. పైగా ఎప్పుడూ కరెంటు పారుతుంటే దాని కాళ్లు కొన్నాళ్లకే తినేసుకుపోతాయి.

ఇప్పుడు కెపాసిటివ్ సెన్సార్ వాడుతున్నా. దాని లోహం మట్టికి నేరుగా తగలదు, ఉప్పు ప్రభావం తక్కువ. అట్లని అసలు లేదని కాదు. అందుకే మూడు కుండీల పరీక్ష పెట్టాను. మన పొలం మట్టే ఎండబెట్టి ఒక కుండీలో, నీళ్లు నిండుగా పోసి ఒక కుండీలో, సరిగ్గా పదును మీద ఉన్నది మూడో కుండీలో. మూడింట్లో వచ్చిన అంకెలు రాసుకుంటే అదే మన పొలానికి కొలబద్ద. పక్కూరి అంకె మనకు పనికిరాదు. ఇది కింది వీడియోలో పూర్తిగా చూపించాను. బోర్డు, సెన్సార్, వైర్లు కలిపి నాకు వెయ్యి రూపాయల లోపే అయింది.

ఇంతకీ నేను చెప్పదలుచుకున్నది ఇది: కొలిచే పని పెట్టెకు ఇవ్వండి, నిర్ణయం మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. ఆటో స్టార్టర్ల సంగతి గుర్తు చేసుకోండి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక రైతులు పెట్టుకున్న తెలివైన ఉపాయం అది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, వాటిని తీసేయమని ప్రభుత్వమే రైతులను అడగాల్సి వచ్చింది. ఎందుకంటే పైరుకు అవసరమున్నా లేకున్నా మోటారు తిరుగుతూనే ఉంటుంది, భూగర్భ జలం ఖాళీ అవుతుంది. దానికి కరెంటు తెలుసు గానీ పైరు తెలియదు.

మా షార్‌లో కూడా చూశాం కదా. 2019 జులై 15న చంద్రయాన్-2 కౌంట్‌డౌన్ ఇంకో 56 నిమిషాలు ఉందనగా, లోపం కనిపించిందని ఆపేశారు. సరిచేసి 22న ప్రయోగించారు. అంత పెద్ద యంత్రాలున్న చోటే మనిషి ఆగి చూసుకుంటున్నాడు. మన వంగతోటకు ఆ మాత్రం చూపు వద్దా?

సుభాష్ పాలేకర్ గారు చెప్పే వాఫస అంటే, మట్టి రేణువుల సందుల్లో గాలి, నీటి ఆవిరి కలిసి ఉండటం. మన పెద్దలు పదును అన్నది కూడా దీనికి దగ్గరి మాటే. వేరు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి నొక్కండి. ముద్ద కట్టాలి, చేతికి నీళ్లు అంటకూడదు, వేలితో తాకితే విడిపోవాలి. పెట్టె "ఆరింది" అన్నప్పుడు పోయి ఈ పరీక్ష చేస్తా. "తడి ఉంది" అన్నా మూడు రోజులకొకసారి చేస్తా.

"అందరం సోల్డరింగ్ నేర్చుకోవాలా?" అంటారేమో. అక్కర్లేదు. కషాయాలు అందరూ కాచుకోలేరనే కదా ఊళ్లలో ఎన్‌పీఎం షాపులు వచ్చింది. అట్లే ఊళ్లో ఐటీఐ చదివిన కుర్రాడు ఒకడు నేర్చుకుంటే చాలు. కానీ మూత విప్పడానికి వీల్లేని పెట్టె మాత్రం కొనకండి. ఎరువుల కొట్టు మీద ఆధారపడటం మానేసి, పెట్టెల కొట్టు మీద ఆధారపడితే మనం సాధించింది ఏముంది?

ఒక్క జాగ్రత్త. స్టార్టరు డబ్బాలో ఉండేది త్రీఫేజ్ కరెంటు, ప్రాణాల మీదికి వస్తుంది. నాలాగా సొంతంగా వైర్లు లాగొద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తడి చెప్పే పెట్టెకైతే ఫోన్ చార్జర్ చాలు. ముందు దాంతో మొదలుపెట్టండి.