ఒకే రికార్డు, వేరు వేరు చెవులు

రికార్డులో పాట మారదు. కచేరీలో గాయకుడు సభ నాడి చూసి ఆలాపన పెంచుతాడు, తగ్గిస్తాడు. రికార్డుకు ఆ వీలు లేదు. ఒకే రికార్డు ఇద్దరిని రెండు రకాలుగా కదిలిస్తే ఆ తేడా వినేవారి నుంచి వచ్చిందే.

జర్మనీలో దీనికి 'లిలీ మార్లీన్'ను మించిన ఉదాహరణ లేదు. హన్స్ లైప్ 1915లో రాసిన కవితకు నార్బర్ట్ షుల్ట్సే 1938లో బాణీ కట్టారు. మరుసటి ఏడాది లాలే ఆండర్సన్ పాడిన రికార్డును పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1941లో జర్మన్ సైన్యం చేతిలో ఉన్న బెల్‌గ్రేడ్ రేడియో దాన్ని రాత్రి ప్రసారాల చివర వేయడం మొదలుపెట్టింది. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్ సైనికులూ, వారితో తలపడుతున్న బ్రిటిష్ సైనికులూ ఆ పాట కోసం చెవులు రిక్కించారు. మాటలు అర్థంకాని వారిని కూడా ఆ గొంతు పట్టుకుంది. ప్రచార మంత్రి గోబెల్స్‌కు మాత్రం అందులో పోరాట పటిమను నీరుగార్చే దిగులే వినిపించింది.

ఫ్రాంక్‌ఫర్ట్ తత్త్వవేత్త థియోడర్ అడోర్నో 1962లో వెలువడిన సంగీత సామాజికశాస్త్ర గ్రంథంలో శ్రోతలను రకాలుగా విడదీశారు. రచన నిర్మాణాన్ని మొదటినుంచి చివరిదాకా పట్టుకుని వినే నిపుణుడిది అందులో పై మెట్టు. మనసు కరగడానికి వినేవారు, కాలక్షేపానికి వినేవారు ఎంతో కింద ఉంటారు. ఆ పరిశీలన పదునైనదే, తీర్పు మాత్రం అన్యాయం. ఎడారిలో ఆ పాట విన్న సైనికుడు స్వరరచనను విశ్లేషించి ఉండడు; అయినా అతని వినికిడి తక్కువది కాదు.

లైప్‌జిగ్ మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన థామస్ ఫ్రిట్స్ బృందం, పాశ్చాత్య సంగీతం పరిచయమే లేని ఉత్తర కామెరూన్ మాఫా ప్రజలకు పియానో ముక్కలు వినిపించింది. 2009లో ఫలితాలు వచ్చాయి. సంతోషం, విషాదం, భయం ఈ మూడింటినీ వారు గుర్తించగలిగారు, అయితే పాశ్చాత్య శ్రోతలంత కచ్చితంగా కాదు. అంటే భావం కొంత ధ్వనిలోనే ఉంది, మిగతాది పెరిగిన వాతావరణం నేర్పుతుంది.

జ్ఞాపకం పాత్ర ఇంకా లోతైనది. బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీ పరిశోధకులు లిలా తరుఫీ, స్టెఫాన్ కోల్ష్ 2014లో ప్రచురించిన సర్వేలో 772 మంది పాల్గొన్నారు. విషాద సంగీతం వింటే ఎక్కువగా కలిగేది దుఃఖం కాదు, గడిచిన రోజుల మీద బెంగ అని తేలింది. దుఃఖం కలిగినప్పుడు కూడా దానికి ముఖ్య కారణం జ్ఞాపకమేనని శ్రోతలు చెప్పారు. ఎదుటివారి బాధను తేలిగ్గా తమలోకి తీసుకునే స్వభావం ఉన్నవారికి పాటలోని విషాదం నేరుగా సోకుతుంది. అలాంటి సంగీతాన్ని ఎక్కువగా ఇష్టపడేదీ వాళ్లే.