కోయని పూవు, చెరగని సాక్ష్యము

శ్రీకాకుళం, విజయనగరం సీమలలో పూవు లేని మాసము లేదు. పుష్యమాఘములలో పలాస, మందస ప్రాంతపు జీడిమామిడితోటలు సన్నని పూగుత్తులతో నిండి గాలికి తీయని వాసన నిచ్చును. ఫాల్గునము వచ్చుసరికి పాలకొండ, సాలూరు కొండలలో మోదుగ ఎఱ్ఱగాను, కొండగోగు పసుపుపచ్చగాను, ఆకు రాల్చిన కొమ్మలపై విరగబూయును. ఎండలు ముదిరిన వైశాఖమున రేలచెట్టు నిలువెల్ల పసుపు గుత్తులు దించును. తొలకరి పిమ్మట కంచెలమీద అగ్నిశిఖ ప్రాకి, పసుపువన్నెతో విచ్చి, దినములు గడచినకొలది ఎఱ్ఱబారును. శరత్తున చెఱువులు కలువలతోను, మెట్టచేలు గోగుపూలతోను కళకళలాడును. ఇంతటి సంపద కన్నులయెదుట ప్రత్యక్షమగుచుండగా, దానిని నిలిచి చూచు అలవాటు మనలో నానాటికి సన్నగిల్లుచున్నది. నడకకు పోవువారు అడుగులు లెక్కించుకొనుచు, ప్రయాణము చేయువారు చేతిలోని ఫోనువంక చూచుకొనుచు, దారిప్రక్క పూవును దాటిపోవుచున్నారు. ఆ ఫోనులోనే కెమెరా ఉన్నది. దానిని పూవువైపు త్రిప్పుడని, తీసిన చిత్రమునకు పేరును, ఊరును, తేదీని జతచేసి భద్రపరచుడని, ఇది వినోదమే గాక మన నేలకు మనము చేయదగిన సేవ యని విన్నవించుటకే ఈ వ్యాసము.

పడమట తూర్పుకనుమలు, తూర్పున సముద్రము, నడుమ నాగావళి, వంశధార, చంపావతి నదుల పరీవాహము; ఇట్లు అమరిన ఈ సీమలో వేకువను బయలుదేరినవాడు ప్రొద్దుక్రుంకులోపల కొండపూవును, చేనిపూవును, నీటిపూవును, ఇసుకపూవును చూడగలడు. సీతంపేట, పాలకొండ, సాలూరు మండలములు 2022 ఏప్రిల్ 4 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినవి గాని, జిల్లాల హద్దులు మారినను చెట్ల తావులు మారలేదు. హిమాలయపాదములనుండి మధ్యభారతము మీదుగా వ్యాపించిన గుగ్గిలము, అనగా సాలవృక్షము, ఈ ప్రాంతపు కొండలకు వచ్చుసరికి తన దక్షిణపు మేరను సమీపించును. ఆ కొండలలోనే ఇప్పపూవు రాత్రి విచ్చి తెల్లవారకముందే నేల రాలును. సవరలు, జాతాపులు దానిని చీకటితోనే ఏరుకొందురు. ఇప్పపూవును చూడగోరు పట్టణవాసి వారితోపాటు నిద్ర లేవవలెను.

మైదానమునకు దిగినచో గోగుచేల సౌందర్యము వేఱు. గోగునారకు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు చిరకాలముగా పేరుపొందినవి. ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధనస్థానము ఈ పంటపై చేసిన కృషి తెలిసినదే. లేతపసుపు రేకులు, నడుమ ముదురు ఎఱుపు కన్ను గల ఆ పూవు ఉదయమున విచ్చి ఆనాటికే వాడిపోవును. చేను సగము పూతకు వచ్చిన తరుణమే నారకు పక్వమగుటచే, రైతు అప్పుడే కొడవలి పట్టును. కావున గోగుపూల చేను చూడదగు దినములు కొలదియే. పైగా గోగు సాగు మునుపటి విస్తీర్ణమునుండి ఎంతయో తగ్గిపోయినది. నిన్నటివరకు ఊరూర కానవచ్చిన పూవు రేపు వెదకి చూడవలసినదగుచున్నది. అట్టి చేనికి నేడు తీసిన చిత్రము కొన్ని యేండ్లకు చరిత్రపత్రమగును.

చెఱువుల సంగతియు నిట్టిదే. నీటికలువ ఒకప్పుడు మన రాష్ట్రపుష్పము. 2018లో ఆ గౌరవము మల్లెకు దక్కినది. పదవి పోయినంత మాత్రమున కలువ అందము తఱుగలేదు. రాత్రి విచ్చు తెల్లకలువ ప్రొద్దెక్కునప్పటికి ముడుచుకొనును. తామర సూర్యునితో మేల్కొనును. కావున రెండింటిని ఒక్క చెఱువున చూడదలచినవాడు వేకువనే గట్టు చేరవలెను. తీరమున సంగతి మఱియొకటి. శ్రీకాకుళము జిల్లాకు 193 కిలోమీటర్ల కడలితీరము కలదు. కళింగపట్నము, బారువ, భావనపాడు ఇసుకతిన్నెలపై బాలబందతీగ ఊదారంగు పూలతో ప్రాకి, కదలెడి ఇసుకను తన వేళ్లతో పట్టి నిలుపును. దాని వెనుక ఉద్దానపు గట్లమీద మొగలిపొదలుండును. వానకాలమున మొగలిరేకు పరిమళము గాలిలో తేలివచ్చునప్పుడు పూవు కనబడకముందే దాని ఉనికి తెలియును. పొరుగునున్న గంజాం జిల్లాలో ఆ మొగలిపూవునుండియే అత్తరును దింపుదురు. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు సైతము లభించినది.

పూవును చూచినంతనే చేయి చాపి కోయుట మనలో పెక్కుమందికి అలవాటు. దేవునికని, సిగకని, పిల్లవాడు మారాము చేసెనని కోయుదుము. పెరటి మల్లెలు, తోటల బంతులు అందుకొఱకే పెంచబడినవి. వానిని కోయుటలో తప్పు లేదు. కాని అడవిలో, దారిలో, చెఱువులో తనంత తాను మొలచిన పూవు తేనెటీగకు ఆహారము, రేపటి విత్తనమునకు తల్లి. అట్టి పూవును చూచి కలిగిన ఆనందమును నలుగురితో పంచుకొనదలచినవానికి కెమెరావంటి ధర్మసాధనము మఱియొకటి లేదు. చిత్రము తీసినను పూవు కొమ్మమీదనే యుండును, వెనుక వచ్చు బాటసారికి మిగిలియుండును. అంతేకాదు, చిత్రము తీయుటకై వంగినవాడు అంతకుముందు తన కంటికి తెలియని ఎన్నో వింతలను చూచును. విష్ణుక్రాంతపు నీలము ఎంత నిర్మలమో, తుమ్మిపూవు తెల్లని పెదవిపై చీమ యేల తిరుగుచున్నదో, పల్లేరుపూవుకు రేకులెన్నియో, మోకాలు వంచిననే గాని తెలియదు. నడక శరీరమునకు మేలు చేయునని అందఱును చెప్పుదురు. నడుమ నిలిచి చూచుట మనస్సునకు అంతకంటె మేలు చేయునని నా విశ్వాసము.

పూలను చూచి, చిత్రించి, పేరు వ్రాసి దాచుట మన తీరమునకు క్రొత్త కాదు. విలియం రాక్స్‌బరో అను స్కాట్లండు వైద్యుడు 1781 ప్రాంతమున సామర్లకోటకు వచ్చి, 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు తరలిపోవువఱకు, ఈ తీరపు మొక్కలను వెదకి వెదకి సేకరించెను. స్థానిక చిత్రకారులచే వానికి వర్ణచిత్రములు వ్రాయించెను. వానిలో 300 చిత్రములు 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా లండనులో అచ్చయి, కోరమండల్ తీరపు మొక్కల గ్రంథముగా లోకప్రసిద్ధి పొందినవి. ఆ గ్రంథమున లాటిను పేరుతోపాటు ఇక్కడి జనులు పిలుచుకొను తెలుగుపేరును చేర్చుట ఆయన పాటించిన గొప్ప నియమము. మోదుగకొమ్మను ముందుంచుకొని, రేకు వంపును, ఆకు ఈనెను, కాయ నూగును తప్పక చిత్రించిన ఆ చిత్రకారుల కీర్తి మాత్రము వారి పనితోపాటు వ్యాపింపలేదు. నాడు ఈస్టిండియా కుంపెనీ సొమ్ముతో, సంవత్సరముల శ్రమతో సాధ్యమైన పనిని నేడు రణస్థలములోని విద్యార్థియైనను, బొబ్బిలిలోని గృహిణియైనను తన చేతిలోని ఫోనుతో చేయగలదు. సాధనము సులభమైనది, ఆ శ్రద్ధ మాత్రము మనము తెచ్చుకొనవలెను.

శ్రద్ధకు మొదటి గుర్తు పేరడుగుట. శ్రీముఖలింగ సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నడుమ తిరిగి, వారి మాటలను వారి నోటనే విని వ్రాసికొని, 1931లో సవరభాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలయించిరి. ఒక జనసమూహపు మాటలు గాలిలో కలిసిపోకుండ కాపాడుట యెంతటి మహత్కార్యమో ఆయన జీవితము చాటుచున్నది. పూలపేర్లును అట్టి నిధియే. ఒకే పూవునకు ఇచ్ఛాపురమున ఒక పేరు, గజపతినగరమున ఒక పేరు, కొండమీది సవరగూడెమున వేఱొక పేరు ఉండవచ్చును. చేలగట్టున కలుపు తీయుచున్న అమ్మను, పశువులు కాయుచున్న తాతను, పసరువైద్యము చేయు పెద్దను అడిగినచో పేరు చెప్పుటయే గాక, ఆ మొక్క దేనికి పనికివచ్చునో, దేనిని ముట్టరాదో కూడ చెప్పుదురు. అగ్నిశిఖ దుంప ప్రాణాంతకమైన విషమని మన పల్లెలకు తరతరములుగా తెలియును. ఆ తరము గడచిపోకముందే, చిత్రముతోపాటు వారు చెప్పిన మాటను వ్రాసికొనుట మన విధి.

చిత్రము తీయు పద్ధతిని గూర్చి రెండు మాటలు. పూవును ఎదుటినుండి తీసిన ఒక్క చిత్రముతో తృప్తి పడరాదు. పూవు ముఖము, ప్రక్క, ఆకుల అమరిక, కాడ, దొరికినచో కాయ, పిదప మొక్క మొత్తము, అది నిలిచిన చోటు, ఇన్నియు తీసిననే మొక్కను గుర్తించుట నిపుణునికి సాధ్యమగును. ప్రొద్దుటి యెండ పూవునకు సహజమైన రంగు నిచ్చును; నడిమధ్యాహ్నపు ఎండలో తెలుపు పాలిపోయి, ఎఱుపు ముద్దగట్టును. నిలువునుండి క్రిందికి తీయుటకంటె పూవు ఎత్తునకు వంగి తీయుట మేలు. గాలికి ఊగుచున్నచో శరీరమును అడ్డు పెట్టవలెనే గాని కొమ్మను వంచి త్రుంచరాదు. రంగులను ఫోనులో దిద్ది మెఱుగులు పెట్టిన చిత్రము కంటికి ఇంపుగా నుండవచ్చును గాని, అది ఆ పూవుకు సాక్ష్యము కానేరదు. అన్నింటికంటె ముఖ్యము ఊరు, తేదీ. అవి లేని చిత్రము అలంకారమునకు తప్ప దేనికిని పనికిరాదు.

మర్యాద తెలియని మక్కువ కీడు చేయును. శృంగవరపుకోట దాటి కనుమదారి ఎక్కినచో కార్తిక మార్గశిరములలో అరకులోయ వలిసెపూలతో పసుపు పండును. ఆ చేలలో చిత్రములు తీసికొనుటకు వచ్చు జనము ఏటేట పెరుగుచున్నది. వలిసె గిరిజనరైతునకు నూనెపంట. ఒక మొక్క పూవు చాలవఱకు తన పుప్పొడితో తాను గింజ కట్టదు, తేనెటీగ వేఱొక మొక్కనుండి తెచ్చి చేర్చవలెను. చేనిలోనికి గుంపులుగా దిగినచో మొక్క నలుగును, తేనెటీగ బెదరును, గింజ తఱుగును. కొందఱు రైతులు చేనిగట్టున నిలిచి చిత్రములకు రుసుము అడుగుచున్నారు. అది ముమ్మాటికి న్యాయము. చేను వారిది, శ్రమ వారిది, నష్టము వారిది. ఆనందించినవాడు కొంత సొమ్ము చెల్లించి, గట్టుమీదనే నిలుచుట కనీసధర్మము. మన గోగుచేలకును, నువ్వుచేలకును, తామరచెఱువులకును ఈ నీతియే వర్తించును.

పూవు చిత్రము సాక్ష్యమంటిని. ఆ మాట శ్రీకాకుళమువారికి వివరింప నక్కఱలేదు. సోంపేట బీల సంవత్సరమంతయు తడియారని నేల. చేపలకు, పక్షులకు, పశువులమేతకు, పొలముల నీటికి ఆధారము. అట్టి బీలను పనికిరాని భూమిగా కాగితములపై చూపి, అక్కడ థర్మల్ విద్యుత్కేంద్రమును తలపెట్టిరి. జనులు ఎదిరించిరి. 2010 జులై 14న పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. అదే దినమున జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ ఆ కేంద్రమునకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసినది. ఒక నేలలో ఏమి బ్రదుకుచున్నదో ముందుగా వ్రాసి పెట్టుకొననిచో, అది బంజరని ఎవరైనను చెప్పవచ్చునని ఈ ఘటన మనకు నేర్పినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరిని, జీడిమామిడిని నేలకూల్చినది. ఏ గట్టున ఏ చెట్టుండెనో, ఏ మాసమున పూచెడిదో చూపు చిత్రములు ఊరూర నున్నచో, పోయినదానిని తిరిగి నాటుకొనుటకు అవి దారి చూపును.

ఇది తీరికగలవారి వేడుక యని కొందఱనవచ్చును. కాని పూలను అందఱికంటె ముందు ఎఱిగినవారు చేలలోను, కొండలలోను ఒడలు వంచి పనిచేయువారే. మనము వారివద్ద నేర్చుకొనుచున్నాము, అంతే. 2002 నాటి జీవవైవిధ్య చట్టమును, దాని నియమములును ప్రతి స్థానికసంస్థకును ఒక జీవవైవిధ్య కమిటీ యుండవలెనని, అది ఆ ఊరి ప్రాణికోటిని ప్రజల జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయవలెనని విధించినవి. ఊరివారు తీసిన చిత్రములు, ఊరిపెద్దలు చెప్పిన పేర్లు చేరినప్పుడే ఆ పుస్తకమునకు సార్థకత. విజయనగరం మహారాజా కళాశాల, ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయము వంటి సంస్థలు గుర్తింపులో తోడ్పడినచో, బడిపిల్లలు ఋతువున కొకసారి ఊరి పూలను చిత్రించి తెచ్చినచో, రహదారి వెడల్పు చేయుటకై చెట్లు కొట్టుటకు ముందు వాని చిత్రములును లెక్కయు ఊరికి అందవలెనను నియమము పెట్టినచో, కొలది సంవత్సరములలోనే ప్రతి పంచాయతికి తన పూల పుస్తకము సిద్ధమగును.

పాఠకులకు నా మనవి యిది. రేపటి నడకలో, రాబోవు ప్రయాణములో, మీ దారిని పూచిన పూవు నొకదానిని ఎన్నుకొనుడు. కోయకుడు, వంగి చిత్రము తీయుడు, ప్రక్కనున్నవారిని పేరడుగుడు, ఊరును, తేదీని వ్రాయుడు. పిదప మీ పంచాయతి కార్యాలయమునకు పోయి, మా ఊరి జీవవైవిధ్య రిజిస్టరు ఎక్కడనని అడిగి, ఆ చిత్రమును దానిలో చేర్పింపుడు.