కదలిక అడ్డమా, ఆధారమా?

2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం హైదరాబాద్‌ను ముంచెత్తి, మర్నాటికల్లా సోలాపూర్ జిల్లా మీద కుండపోత కురిపించింది. సోలాపూర్‌లోని నీలం నగర్ నుంచి సముద్రం కనపడదు గానీ, బంగాళాఖాతం దాచుకున్న వేడి మన మగ్గాల గల్లీల దాకా వానై వస్తుంది. ఆ వేడిని విశాలంగా, లోతుగా కొలిచే మార్గాల్లో శబ్దం ఒకటి.

నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. నీరు వేడెక్కితే ఇంకా వేగంగా పోతుంది. 300 కిలోమీటర్ల దూరానికి 200 సెకన్లు పడుతుంది. దారి పొడవునా నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితే ఆ శబ్దం అర సెకను ముందే చేరుతుంది. చిక్కల్లా కదలికతోనే. ఓడ కదులుతుంది, నీరూ కదులుతుంది.

కదలికను అడ్డమనేవారి మాటలో బలముంది. 1991 జనవరిలో సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం దక్షిణ హిందూ మహాసముద్రంలోని హెర్డ్ దీవి దగ్గర ఓడ నుంచి 57 హెర్ట్జ్ శబ్దం పంపితే, అమెరికా రెండు తీరాల్లోనూ వినిపించింది. ఆ శబ్దంలో ఒక్కో తరంగం పొడవు సుమారు 26 మీటర్లు. ఓడ 3 నాట్ల వేగంతో వినేవారి వైపు జరిగినా, డాప్లర్ ప్రభావం వల్ల గంటలో రెండు వందలకు పైగా తరంగాలు అదనంగా లెక్కకొస్తాయి. హోరులో మునిగిన సన్నని సంకేతాన్ని పట్టాలంటే చాలాసేపు విని కలుపుకోవాలి. ఓడ వేగం తెలియకపోతే ఆ కలయికే చెదిరిపోతుంది. ఓడ ఉన్న చోటులో 15 మీటర్ల పొరపాటు జరిగితే సమయంలో 10 మిల్లీసెకన్ల తేడా వస్తుంది. అంటే 300 కిలోమీటర్ల దారిలో డిగ్రీలో యాభయ్యో వంతు పొరపాటు. లోతు నీళ్లలో ఏటేటా జరిగే మార్పు డిగ్రీలో వేలవంతుల్లోనే ఉంటుంది కాబట్టి ఇది చిన్న తప్పు కాదు.

అవతలి పక్షం వాదనా తీసిపారేసేది కాదు. రెండు చోట్ల నుంచీ ఎదురెదురుగా శబ్దం పంపితే, ప్రవాహంతో పాటు పోయేది ముందు, ఎదురీదేది వెనక చేరతాయి. సెకనుకు 10 సెంటీమీటర్ల ప్రవాహం 300 కిలోమీటర్ల దూరంలో దాదాపు 27 మిల్లీసెకన్ల తేడా తెస్తుంది. రెండు సమయాల తేడా ప్రవాహం సంగతి చెబుతుంది, వాటి సగటేమో వేడి సంగతి చెబుతుంది. అడ్డమనుకున్న నీటి కదలికే ఇక్కడ సమాచారం. పైగా ఓడ ఒకచోట ఆగిపోదు, లంగరు చేరని నీళ్లకూ వెళ్లగలదు.

మరి లంగరేసి నిలిపితే సరిపోదా? వేల మీటర్ల తాడు ప్రవాహానికి పక్కకు వంగుతుంది, పరికరం వందల మీటర్లు జరుగుతుంది. అందుకే సముద్రపు అడుగున శబ్ద సూచికలు పెట్టి పరికరం ఎక్కడుందో నిత్యం కనిపెడతారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ బంగాళాఖాతంలో వాతావరణం, నీటి వేడి కొలవడానికి నిలిపిన తేలే పరికరాలకు (బోయలకు) మనుషుల చేతుల్లో నష్టం జరిగిన సందర్భాలున్నాయి. నిలకడ అనేది ఖర్చు పెట్టి, కాపలా కాసి సాధించుకోవలసిందే.

కాబట్టి పోటీ కదిలే పరికరానికీ నిలిచే పరికరానికీ కాదు, కొలిచిన కదలికకూ కొలవని కదలికకూ. కొలవని కదలిక తప్పుగా మిగులుతుంది, కొలిచిన కదలిక కొత్త సంగతి చెబుతుంది. ఏళ్ల తరబడి వేడి లెక్కకు లంగరు పరికరాలే నమ్మకం. మారుమూల నీళ్లు తెలియాలంటే ఓడలు కావాలి. రెండింటికీ ముందు కావలసినవి ఖచ్చితమైన గడియారం, ఖచ్చితమైన స్థానం, సముద్రంలో పరికరాలు భద్రంగా ఉండేలా జాలర్లతో నేరుగా మాట్లాడి కుదుర్చుకున్న నమ్మకం. కాకినాడ నుంచి సోలాపూర్ దాకా వానను నమ్ముకున్న జనం కోసం ఆ ఖర్చు పెట్టి తీరాలి.