గడ్డి పనే కదా అనుకోకండి!

ఏప్రిల్‌లో మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీని టీవీలో చూశారా? అమెరికాలోని అగస్టా కోర్సులో కనిపించే ఆ పచ్చదనం అప్పటికప్పుడు వచ్చింది కాదు. అంతకుముందు శరదృతువులో చల్లిన విత్తనం అది.

అక్కడి ఫెయిర్‌వేల మీద ఉండేది బెర్ముడా గడ్డి. చలి పడగానే ఎదుగుదల ఆగిపోయి గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకే దాన్ని పొట్టిగా కత్తిరించి, పైన రై గడ్డి విత్తనాలు చల్లుతారు. తొందరపడ్డారా, ఇంకా జోరుమీదున్న బెర్ముడా మొలకల్ని ఎదగనివ్వదు. ఆలస్యం చేశారా, చలికి మొలక సరిగా రాదు. కాబట్టి క్యాలెండర్‌తో పాటు నేల ఉష్ణోగ్రతా చూసుకోవాలి. మొలిచేదాకా కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ తడి ఇవ్వాలి. నారుమడి పెంచిన ఇంటి పిల్లలకు ఇది చెప్పక్కర్లేదు లెండి!

అగస్టాలో గ్రీన్స్ కింద పైపులు, బ్లోయర్లు ఉంటాయి. వేళ్ల దగ్గర ఎక్కువైన తేమను లాగేస్తాయి. చాలా కోర్సుల్లో తేమ కొలిచే సెన్సర్లూ వచ్చాయి. అంటే అగ్రికల్చర్ వాళ్లకే కాదు, మెకానికల్, ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకూ ఇక్కడ పనుంది. పెన్ స్టేట్ యూనివర్సిటీలో టర్ఫ్‌గ్రాస్ సైన్స్ అని ఏకంగా డిగ్రీయే ఉంది. మా బ్యాచ్‌లో మాత్రం అందరం ఒకే రకం కంపెనీలకు రెజ్యూమెలు పంపాం. ఇలాంటిదొకటి ఉందనే తెలీదు.

ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగం కాదిది, తెల్లవారకముందే ఫీల్డులో ఉండాలి. అది మీకు ఓకేనా? హైదరాబాద్‌లో గోల్కొండ కోట దగ్గరే గోల్ఫ్ కోర్సు ఉంది. గడ్డి చూసుకునేవాళ్లను కలిసి, ఒక్కరోజు పని చూడనిస్తారేమో అడగండి.