రెండింతల కిరాయి ఇంకెన్నాళ్ళు?

మిరపకోతల రోజులు. తెల్లవారుజామున మా పల్లె చివర ఆటో దగ్గర పెద్ద గొడవైంది. నిన్నటిదాకా రోడ్డుకి పదిహేను తీసుకున్న ఆటో కుర్రాడు ఆ రోజు ఇరవై అన్నాడు. కోతకు పోయే ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఒరే, నిన్ను చంకనెత్తుకు తిప్పినదాన్ని. నా దగ్గర కూడా పెంచుతావా?" అని ఒకామె నిలదీసింది. "పెద్దమ్మా, ఫైనాన్సువాడు నా మొహం చూసి కిస్తీ తగ్గిస్తాడా? బంకువాడు డీజిలు తగ్గిస్తాడా?" అని వాడు ఎదురు తిరిగాడు. చివరికి అందరూ ఆ ఆటోలోనే ఎక్కారు. వేరే దారేముంది? ఇరవై ఇచ్చినవాళ్ళకీ సంతోషం లేదు, తీసుకున్నవాడికీ సంతోషం లేదు.

ఆ కుర్రాడు మన పిల్లోడే. నా దగ్గర ఏడో తరగతి చదివాడు. ఆ పెద్దమ్మా మన మనిషే. పల్లెవాళ్ళూ పల్లెవాళ్ళూ ఐదు రూపాయల దగ్గర ఒకరి మీద ఒకరు పడుతుంటే, ఆ ఐదు రూపాయలు పుట్టించినవాళ్ళు ఎక్కడున్నారు? ఈ ప్రశ్న వేసుకోకుండా మనం ఎంత అరిచినా ఆ అరుపు ఆటో దాటి పోదు.

కొంచెం వెనక్కి పోయి లెక్క చూద్దాం. మన రాష్ట్రంలో 2019 డిసెంబరులో ఆర్టీసీ చార్జీలు పెంచారు. పల్లెవెలుగుకి కిలోమీటరుకి 10 పైసలు, ఎక్స్‌ప్రెస్సుకి 20 పైసలు. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగుల్ని ప్రభుత్వంలో కలిపారు. మంచిదే. ఉద్యోగికి ధీమా వచ్చింది. టిక్కెట్టు కొనేవాడికి ఏం వచ్చింది? 2022లో డీజిల్ సెస్సు వచ్చింది. పల్లెవెలుగులో టిక్కెట్టుకి 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్సులో 5, పెద్ద బస్సుల్లో 10. అది అమల్లోకి వచ్చిన రోజేదో తెలుసా? ఏప్రిల్ 14. మనం బాబాసాహెబ్ విగ్రహానికి దండలేసే రోజు. నాయకులు వచ్చి దండేసి, ఫోటో దిగి పోయారు. దండ చూడ్డానికి బస్సెక్కి వచ్చిన మన కూలిమనిషి ఆ రోజు టిక్కెట్టుకి రెండు రూపాయలు ఎక్కువిచ్చాడు.

డీజిలు రేటు పెరిగింది, ఏం చేస్తాం అంటారు. డీజిలు రేటు ఆకాశం నుంచి ఊడిపడుతుందా? 2020 మే నెలలో, లాక్‌డౌన్లో జనం తిండికి మొహం వాచి ఉన్నప్పుడు, ప్రపంచమంతా ముడిచమురు ధర పడిపోయింది. ఆ తగ్గుదల మన దాకా రానిచ్చారా? కేంద్ర ప్రభుత్వం లీటరు డీజిలు మీద ఒక్కసారే 13 రూపాయల పన్ను పెంచింది. తర్వాత 2021 నవంబరులో 10, 2022 మేలో 6 తగ్గించింది. మేలో పన్ను తగ్గింది గదా, మరి బస్సు చార్జీ తగ్గాలి గదా? తగ్గలేదు. జూలై 1 నుంచి ఆర్టీసీ సెస్సు మళ్ళీ పెంచింది. పెరిగేటప్పుడు మన గడప దాకా పెరుగుతుంది. తగ్గేటప్పుడు దారిలోనే ఎక్కడో ఆగిపోతుంది.

"మరి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ గదా మాస్టారూ" అని ఒక యువకుడు అడిగాడు. నిజమే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్సులో డబ్బివ్వకుండా పోతున్నారు. దాన్ని ఎగతాళి చేసేవాళ్ళతో నేను కలవను. కారున్నవాడికి అది దండగ ఖర్చు. కూలికి పోయే తల్లికి, కాలేజీకి పోయే పిల్లకి అది అన్నంముద్ద. కానీ ఫ్రీ టిక్కెట్టు చేతికి రావాలంటే ముందు బస్సు రావాలి గదా?

మా పల్లెకి బస్సు లేదు. ఒకప్పుడు రోజుకి మూడుసార్లు వచ్చేది. అది కూడా రామాలయం సెంటరు దాకా వచ్చి తిరిగిపోయేది. పల్లెలోకి రమ్మంటే తిప్పుకునే చోటు లేదనేవారు. పల్లెవెలుగు అని పేరైతే పెట్టారు. మన వైపు పల్లె అంటే మన పల్లే. వెలుగు మాత్రం ఊళ్ళోనే ఆగింది. 2020 మార్చిలో లాక్‌డౌనుతో ఆ బస్సూ ఆగింది. లాక్‌డౌను పోయింది, బస్సు రాలేదు. ఊళ్ళో మోటారుసైకిళ్ళున్నాయి, కార్లున్నాయి, వాళ్ళకి లోటు తెలియలేదు. ఆ బస్సు మీద బతికింది మనం. అందుకే అది పోతే ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. బస్సుకి కులం లేదు, ఒప్పుకుంటాను. కండక్టరు నీ కులమేమిటని అడిగి టిక్కెట్టు కొట్టడు. కానీ బస్సు ఆగే చోటుకి కులం ఉంది.

ఇప్పుడు ఆ ఫ్రీ బస్సు ఎక్కాలంటే నాలుగు కిలోమీటర్లు ఆటోలో పోవాలి. పోను ఇరవై, రాను ఇరవై. నెలకి పాతిక రోజులు కాలేజీకి పోయే ఆడపిల్లకి వెయ్యి రూపాయలు. 2025-26కి ఉపాధి హామీ కూలి 307 అని ప్రభుత్వమే కట్టింది. అంటే తల్లి మూడు రోజుల పైన ఎండలో మట్టి మోస్తే బిడ్డ ఆటోచార్జీకి సరి. మగపిల్లాడైతే దాని మీద బస్సుపాసు కూడా. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒకరిని ఆపుతారు. ఎవరిని ఆపుతారో నేను చెప్పక్కర్లేదు. ఇంటర్మీడియెట్లో చేరి నాలుగు నెలలకే మానేసిన పిల్లని "ఎందుకమ్మా?" అని అడిగాను. "దూరం సార్" అంది. దూరం కాదు, డబ్బు.

బాబాసాహెబ్ చిన్ననాటి సంగతి ఒకటి ఆయనే రాసుకున్నారు. 1901లో అన్నతో, మేనల్లుళ్ళతో కలిసి తండ్రి దగ్గరకు బయలుదేరి మసూర్ స్టేషన్లో రైలు దిగారు. మహర్ పిల్లలని తెలిశాక బండివాళ్ళెవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. రెండింతల కిరాయి ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, వాడు పక్కన నడుస్తాడు. అదీ షరతు. నూట పాతికేళ్ళు కావస్తోంది. మన పల్లె బిడ్డ రోడ్డు దాకా ఒక కిరాయి, రోడ్డు నుంచి ఇంకో కిరాయి కడుతున్నాడు. అప్పుడు ముట్టుకోకూడదని రెండింతలు తీసుకున్నారు. ఇప్పుడు ఊరి చివర పెట్టి రెండింతలు తీసుకుంటున్నారు.

మరి ఆటో పిల్లోడి మాటేమిటి? ఫ్రీ బస్సొచ్చాక రోడ్డు మీద వాడి బేరాలు పడిపోయాయి. 2025 అక్టోబరులో ప్రభుత్వం ఆటోవాళ్ళకి 15 వేలు ఇచ్చింది. అది సొంత బండి ఉన్నవాళ్ళకి. కిరాయికి తోలేవాడికి ఏమీ లేదు. వాడి మీద కోపం చూపిస్తే మనకి దక్కేదేమీ లేదు.

ఇక్కడ అమెరికా నల్లజాతివాళ్ళ సంగతి గుర్తు చేసుకోవాలి. అలబామాలో మాంట్‌గోమరీ అనే పట్నం. 1955 డిసెంబరులో రోసా పార్క్స్ అనే కుట్టుపని చేసే ఆమె బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనంటే అరెస్టు చేశారు. నల్లవాళ్ళంతా బస్సెక్కడం మానేశారు. మరి పనికి ఎట్లా పోవాలి? నల్లజాతి టాక్సీవాళ్ళు ముందుకొచ్చారు. బస్సుకిచ్చే పది సెంట్లే మాకూ ఇవ్వండి చాలన్నారు. సర్కారు ఊరుకోలేదు. 45 సెంట్లకు తక్కువ తీసుకుంటే నేరమంది. అప్పుడు కార్లున్నవాళ్ళు కార్లు తెచ్చారు, లేనివాళ్ళు నడిచారు. 381 రోజులు! కోర్టు బస్సుల్లో వివక్ష చెల్లదని తీర్పు ఇచ్చింది, అది అమలయ్యాకే బస్సెక్కారు. తోలేవాడూ ఎక్కేవాడూ ఒక్కటైతే ఏమవుతుందో వాళ్ళు చూపించారు.

కాబట్టి చేయాల్సింది ఇది. పల్లెలో ఆటోవాళ్ళనీ, కూలీలనీ, చదువుకునే పిల్లల తల్లిదండ్రులనీ ఒకచోట కూర్చోబెట్టండి. కిస్తీ ఎంత, డీజిలెంత, రోజుకి ఎన్ని ట్రిప్పులు, అందరి ముందూ లెక్క వేయండి. న్యాయమైన రేటు ఒకటి కట్టి బోర్డు రాయండి. బడిపిల్లలకి సగం. ఆ తర్వాత ఆటోవాళ్ళని వెంటబెట్టుకునే డిపో మేనేజరు దగ్గరకి పోండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, పల్లె లోపలిదాకా బస్సు కావాలని అర్జీ ఇవ్వండి. ఆగిపోయిన సర్వీసు ఎందుకు ఆగిందో సమాచార హక్కు చట్టం కింద కాగితం మీద అడగండి. గ్రామసభలో తీర్మానం పెట్టండి. బస్సు తిరగడానికి చోటు లేదంటే ఆ చోటు చూపించే బాధ్యత పంచాయతీది.

పాఠకులకు ఒక పని. మీ పల్లె నుంచి బస్సు ఆగే చోటు ఎంత దూరం, 2019లో ఆటోకి ఎంత ఇచ్చేవారు, ఇప్పుడెంత ఇస్తున్నారు, ఏ బస్సు ఎప్పుడు ఆగింది, ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి. చదువు రానివాళ్ళ మాట చదువుకున్న పిల్లలు రాయండి. వచ్చే సంచికలో పల్లెల పేర్లతో సహా వేస్తాం. ఆ జాబితా పట్టుకునే అందరం కలిసి అడుగుదాం. ఎవరో దయతలచి ఎక్కించుకునే బండి కాదు మనం అడిగేది. మన పన్నుల డబ్బుతో తిరిగే మన బస్సు.

జై భీమ్.